దారం కొరికినవాళ్ళు

బొత్తాం తండ్రి ఆడమనిషని తేలింది ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి. తేల్చింది రక్తసంబంధాలు పరీక్షించే ల్యాబులో డాక్టరమ్మ. ఆవిడ రిపోర్టు ఒకసారి చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది.

"పోయిన మీ నాన్నగారిదని మీరు తెచ్చిచ్చిన దారం మీద ఉన్నది ఆడవాళ్ళ ఉమ్మి," అంది.

"అదెలా కుదురుతుందండీ?"

"కుదరదు. అంతేకాదు, అది మీ ఉమ్మే. ఈ కాగితం ప్రకారం మీ నాన్నగారు మీరే."

బొత్తాం ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టి కూర్చుంది. ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఆపుకుందామని పెదవి బిగబట్టింది, అది ముక్కులోంచి వచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని, కడుపు పట్టుకుని, చివరికి డాక్టరమ్మ టేబులు పట్టుకుని నవ్వింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. ఆ గదిలోంచి అరుపులూ ఏడుపులూ విన్నారు గానీ, ఇలాంటి నవ్వు ఎవరూ వినలేదు.

"దారం తీసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోమన్నాను," అంది డాక్టరమ్మ.

"వేసుకున్నానండీ."

"ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోమన్నాను."

"కట్టుకున్నానండీ. కానీ..." బొత్తాం నవ్వు ఆగిపోయింది. "అయ్యో. దారం తెగలేదు. గుడ్డ కిందకి లాగి కొరికేశాను."

తప్పు ఆమెది కాదు, పళ్ళది. ఇరవై నాలుగేళ్ళుగా కుట్టుపని చేస్తున్న మనిషి పళ్ళు దారం కనపడితే బుర్రని అడిగి కొరకవు. కత్తెర పక్కనే ఉంటుంది. ఉన్నా సరే.

బొత్తాం అంటే ముప్పై ఆరేళ్ళ మనిషి. పెద్దాసుపత్రి కుట్టుగదిలో డాక్టర్ల గౌన్లు, రోగుల పైజమాలు కుడుతుంది. పొట్టిగా గుండ్రంగా ఉంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరు జీతం రిజిస్టరులోనూ, పుట్టిన రిజిస్టరులోనూ మాత్రమే ఉంది. పుట్టిన రిజిస్టరులో ఆ పేరు కింద తండ్రి పేరు రాయాల్సిన చోట చిన్న గీత ఉంది. బొత్తాం జీవితంలో ఏ కాగితం నింపినా ఆ గీత ఆమెకంటే ముందు వెళ్ళి కూర్చునేది. కాగితం తీసుకున్నవాళ్ళు ముందు గీతని చూసేవారు, తర్వాత ఆమె మొహం చూసేవారు, తర్వాత మొహం తిప్పుకునేవారు. ఆ తిప్పుకోవడం ఆమెకి చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట.

రెండేళ్ళ కిందట అమ్మ పోయే ముందు చెప్పింది, తండ్రి ఎవరో. ఇదే ఊళ్ళో కోట్లు కుట్టే దర్జీ. ఏదో పంతం మీద అమ్మే అతన్ని వదిలి వచ్చేసింది, కడుపులో బిడ్డ ఉందని ఆ తర్వాతే తెలిసింది, తెలిశాక పంతం ఇంకా పెరిగింది. అతనికి ఏమీ తెలియదు.

బొత్తాం ఆ షాపుకి వెళ్ళింది. ఆసుపత్రికి సగం బట్టలు కుట్టే మనిషి, సొంత చొక్కా చెయ్యి తనే చింపుకుని దర్జీ దగ్గరికి వెళ్ళింది. పళ్ళ మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకున్న బట్టతల మనిషి, సూదుల పక్కనుంచే మాట్లాడుతూ, అయిదు నిమిషాల్లో కుట్టేశాడు. చెబుదామనుకుని, చెప్పలేక డబ్బులిచ్చి వచ్చేసింది. నెల తర్వాత ఇంకోసారి చింపుకుని వెళ్ళింది. మూడోసారి కూడా అదే చొక్కా, అదే చెయ్యి. అతను చేతిని అటూ ఇటూ తిప్పి, "ఈ చెయ్యి నామీద కక్ష కట్టినట్టుందమ్మా," అన్నాడు. బొత్తాం పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు, సూదులు కింద పడ్డాయి, ఇద్దరూ నేల మీద కూర్చుని ఏరారు. నాలుగోసారి చెప్పేయాలని ఒట్టు పెట్టుకుని వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. గుండె ఆగి పోయాడని పక్క షాపువాళ్ళు చెప్పారు.

రిజిస్టరు ఆఫీసులో గుమస్తా పద్ధతి చెప్పాడు: పోయిన మనిషిని తండ్రిగా రాయించుకోవాలంటే, అతను పోయిన రోజునుంచి ఏడాదిలోపు ల్యాబు రిపోర్టు తేవాలి. ఏడాది దాటితే ఆ గీత ఇక అక్కడే.

అతనికి పెళ్ళాంపిల్లలు లేరు. మిగిలింది ఒక్కతే, డెబ్బై రెండేళ్ళ అక్క. అదే షాపులో నలభై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి. బొత్తాం మనసులో ఆవిణ్ణి అత్తయ్యా అని పిలుచుకునేది. పైకి 'ఏమండీ' తప్ప అనే ధైర్యం లేదు. మొదటిసారి వెళ్ళిన మంగళవారం సంగతంతా చెబితే పెద్దావిడ ఇస్త్రీ పెట్టె ఎత్తి నిలబెట్టి, ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"ల్యాబువాళ్ళు బుగ్గ లోపల పుల్లతో ఒకసారి రాస్తారంతేనండీ," అంది బొత్తాం. "మీ తమ్ముడికి నేను కూతుర్నా కాదా అని తేలిపోతుంది."

"డెబ్బై రెండేళ్ళుగా నా నోట్లో నేను పెట్టుకున్నదే తప్ప ఇంకోళ్ళు పెట్టింది లేదు. పుల్లా లేదు, గిల్లా లేదు. వచ్చినదానివి వచ్చావు, టీ తాగి వెళ్ళు."

సరే, తండ్రి వాడిన వస్తువులేమైనా ఉంటే చాలన్నారు ల్యాబువాళ్ళు. అక్కడా చుక్కెదురే. పెద్దావిడకి శుభ్రం పిచ్చి. తమ్ముడు పోయిన మర్నాడే అతని బ్రష్షు, దువ్వెన, గడ్డం గీసుకునే కత్తి, దిండు గలీబు, పళ్ళ మధ్య పెట్టుకునే గుండుసూదులతో సహా అన్నీ వేణ్ణీళ్ళలో ఉడకబెట్టేసింది. ఒక్క క్రిమి కూడా బతికి బట్టకట్టలేదు.

ఉడకబెట్టనిది ఒక్కటే. ఊరందరికీ కోట్లు కుట్టిన దర్జీ చివర్లో తనకోసం ఒక కోటు మొదలుపెట్టి, సగంలో వదిలి పోయాడు. అది షాపు మూల చెక్కబొమ్మ మీద ఉంది. పెద్దావిడ దాని మీద దుప్పటి కప్పి, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. దర్జీలు దారం నోట తడుపుతారు, పళ్ళతో తుంచుతారు, కాబట్టి ఆ కోటు నిండా అతను ఉన్నట్టే లెక్క. ఆ సంగతి బొత్తాంకి తట్టడానికి రెండు నెలలు, పెద్దావిడ ఒప్పుకోవడానికి ఇంకో ఏడు నెలలు పట్టాయి. తనకి సెలవు రోజు కాబట్టి ప్రతి మంగళవారం వెళ్ళి చెవిలో జోరీగలా అడిగేది. చివరికి పెద్దావిడ దుప్పటి ఒక మూల జానెడు ఎత్తి, కాలరు దగ్గర చిన్న దారం ముక్క తీసుకోనిచ్చింది. దాన్నే బొత్తాం కొరికేసి, తనకి తానే తండ్రి అయి కూర్చుంది.

ఆ మంగళవారం ల్యాబునుంచి తిన్నగా షాపుకే వెళ్ళింది. పెద్దావిడ ఎవరిదో ప్యాంటు ఇస్త్రీ చేస్తోంది. బొత్తాం జరిగింది చెప్పింది. పెద్దావిడ మొహంలో ఏమీ కదలలేదు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ముక్కు. తర్వాత కేటిల్ మరిగినట్టు ఎక్కడినుంచో సన్నటి చప్పుడు మొదలై, ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వడం మొదలుపెట్టింది.

"అయితే ఇంకేం! తండ్రి పేరు దగ్గర నీ పేరే రాయించుకో!"

"రాయరటండీ. వస్తూ ఫోన్ చేసి అడిగాను."

"అడిగావా!"

ఆవిడ టేబులు మీద వాలిపోయింది. బొత్తాం గోడకి ఆనుకుని కిందకి జారింది. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెట్టారు. కాలిన వాసన వచ్చాక గానీ ఇస్త్రీ పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ప్యాంటు మోకాలు మీద త్రికోణం మచ్చ అలాగే ఉండిపోయింది.

కళ్ళు తుడుచుకుని పెద్దావిడ అంది, "ఇంకోసారి తీసుకో పో. ఈసారి ఆ నోరు కట్టేసుకుని రా."

ఏడాదికి ఇంకా నెల రోజులుంది. డాక్టరమ్మ ఈసారి తొడుగులతోపాటు వెడల్పాటి ప్లాస్టరు చుట్ట కూడా ఇచ్చింది. బొత్తాం షాపులో అద్దం ముందు నిలబడి ఈ చెవినుంచి ఆ చెవిదాకా నోటికి ప్లాస్టరు వేసుకుంది. అదే సమయానికి ముగ్గురు బేరగాళ్ళు వచ్చారు.

"పళ్ళనొప్పి," అంది పెద్దావిడ, ఎవరూ అడక్కుండానే.

వాళ్ళు వెళ్ళాక దుప్పటి మళ్ళీ జానెడు పైకి లేచింది, ఈసారి కోటు ఎడమ చేతి అంచు దగ్గర. "ఇక్కడ తీసుకో. ఈ చెయ్యి వాడు కుట్టిందే. ఆ ముడి చూడు, చిన్న ఆవగింజంత. వాడి ముడి కాకపోతే ఇంకెవరిది?"

"మ్మ్," అంది బొత్తాం.

సన్నటి పటకారుతో పట్టుకుని, చిన్న కత్తెరతో ముడితో సహా కత్తిరించి, గొట్టంలో వేసి మూత బిగించింది. పళ్ళు లోపల్లోపల జివ్వుజివ్వుమంటూనే ఉన్నాయి, కానీ ప్లాస్టరు నెగ్గింది. దాన్ని పీకేటప్పుడు మూతి మీది నూగంతా ఊడొచ్చి, పెద్దావిడ ఇంకోసారి నవ్వింది.

రిపోర్టు వచ్చేసరికి ఏడాదికి పది రోజులు మిగిలాయి. డాక్టరమ్మ ఈసారి కళ్ళజోడు ముందే తుడిచి పెట్టుకుంది.

"మళ్ళీ ఆడమనిషే," అంది.

"నేను కాదండీ! ఒట్టు! ప్లాస్టరు వేసుకున్నాను, మూతి చూడండి ఇంకా ఎర్రగానే ఉంది!"

"మీరు కాదు. కానీ మీకు దగ్గరి రక్తం. తల్లి అంత, తోబుట్టువు అంత దగ్గర కాదు. మేనత్తో పిన్నో అయితే ఎంత కలవాలో అంత కలిసింది. దారం చివర పళ్ళతో నలిగి కూడా ఉంది. మీ అమ్మగారికి అక్కచెల్లెళ్ళు ఉన్నారా?"

"లేరండీ. అమ్మ ఒక్కతే కూతురు. ఆయనకి మాత్రం ఒక అక్క ఉంది."

ఆ షాపు తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

"అయినా ఇది చెల్లదు," అంది డాక్టరమ్మ, అయిష్టంగానే. "ఈ ఉమ్మి ఎవరిదో కాగితం మీద లేదు. ఆవిడే వచ్చి, సంతకం పెట్టి, నా ముందు నోరు తెరవాలి. తెరిస్తే మూడు రోజుల్లో ఇచ్చేస్తాను."

బొత్తాం బస్సు కోసం ఆగలేదు. పొట్టి కాళ్ళతో నాలుగు వీధులు ఆగకుండా పరిగెత్తి, రొప్పుతూ షాపులో పడింది. పెద్దావిడ నీళ్ళు చిలకరిస్తున్న గిన్నె పక్కన పెట్టింది.

"ఏమైంది? మళ్ళీ నువ్వేనా?"

"నేను కాదండీ. మీరు."

"నేనా? నేనేం చేశాను?"

"ఆ దారం కొరికింది మీరు."

పెద్దావిడ నీళ్ళు నమిలింది. మాట్లాడేటప్పుడు తుంపర పడి ఉంటుందంది. తుమ్మానేమో అంది. తను నలభై ఏళ్ళ కిందటే సూది మానేసిందని, ఊరందరికీ ఆ సంగతి తెలుసనీ అంది. అది నిజమే, ఊరందరికీ తెలుసు. ఎవరు కుట్టిన గుండీ కాజా తిన్నగా ఉందన్న దాని మీద అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసి, ఈ షాపులో ఇక సూది ముట్టనని ఆవిడ ఒట్టేసుకుంది. ఒట్టంటే ఒట్టే. బతిమాలినా ముట్టలేదు, అతను జ్వరంతో పడుకున్నప్పుడు కూడా ముట్టలేదు.

"దారం చివర పళ్ళతో నలిగి ఉందటండీ," అంది బొత్తాం నెమ్మదిగా.

పెద్దావిడ ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపింది. మూలకి వెళ్ళి, కోటు మీద దుప్పటి మొత్తం లాగేసింది.

కోటు సగంలో లేదు. రెండు చేతులూ ఉన్నాయి, లోపలి అస్తరు ఉంది, జేబులున్నాయి, గుండీలన్నీ ఉన్నాయి. తొడుక్కుని వీధిలోకి వెళ్ళడమే తరువాయి. బొత్తాం దగ్గరకి వెళ్ళి అంచు తిరగేసి చూసింది. ఎంత వెతికినా ఒకరి కుట్టు ఆగిన చోటూ ఇంకొకరి కుట్టు మొదలైన చోటూ ఆమెకి దొరకలేదు.

"సగం కోటుని చూస్తూ ఎలా కూర్చోను?" అంది పెద్దావిడ, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు. "మధ్యాహ్నం బేరం లేనప్పుడు షట్టరు సగం దించి, రోజూ నాలుగు కుట్లు వేశాను. వాడు చూడకూడదని. వాడు లేడనుకో, అయినా వాడు చూడకూడదని."

"మరి ఆ ఎడమ చెయ్యి ఆయనదే అన్నారు?"

"వాడిదే అనుకున్నానే! అబద్ధం చెప్పలేదు. ఇద్దరికీ మా నాన్నే నేర్పాడు. కుట్టీ కుట్టీ, ఏది వాడిదో ఏది నాదో నాకే తెలియకుండా పోయింది." ఆవిడ ఇంకా గట్టిగా మాట్లాడింది. "ఇప్పుడేంటి, నా ఒట్టు పోయిందని ఊరంతా చాటిస్తావా?"

"ఆ పుల్లకి ఒప్పుకుని ఉంటే పదకొండు నెలల కిందటే తేలిపోయేది కదండీ. అంత భయమేంటి ఆ పుల్లంటే?"

"పుల్లంటే నాకేం భయం?" పెద్దావిడ అరిచింది. "కాదని వస్తే? అప్పుడేం చేయను? మంగళవారం వస్తే నీకోసమని వాడి కుర్చీ తుడిచి పెడుతున్నాను. నువ్వు వచ్చి వాగుతావు, టీ తాగుతావు, నవ్విస్తావు, బట్టలు తగలబెట్టిస్తావు. కాదని తేలిపోతే నువ్వెందుకు వస్తావు ఇక్కడికి? ఏదీ తేలకుండా ఉంటే వస్తూనే ఉంటావని..."

బొత్తాం ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఆమె తల ఆవిడ గుండెల దాకానే వస్తుంది కాబట్టి మాట సగం చీరలోకి పోయింది. "కాదని రాలేదు! ఔననే వచ్చింది! నేను మీ మేనకోడల్నే. మీరు కొరకబట్టే తెలిసింది!"

పెద్దావిడ బుర్రకి ఆ మాట మెల్లగా ఎక్కింది. దారం అంటే ఉమ్మి, ఉమ్మి అంటే రక్తం, రక్తం అంటే ఇది. ఆమెని చేతులతో దూరంగా పెట్టి, మొదటి మంగళవారం చూసినట్టే తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"అంటే నేను నీకు అత్తనా?"

"అత్తయ్యా," అంది బొత్తాం. పదకొండు నెలలుగా లోపల ఉన్న మాట కదా, బయటికి వచ్చేటప్పుడు గొంతు పెద్దదైపోయింది, పక్క షాపువాళ్ళు బయటికి వచ్చి చూశారు.

"షట్టరు దించు," అంది అత్తయ్య. "పద ల్యాబుకి. ఎంత పెద్ద పుల్ల పెడతారో పెట్టమను."

ల్యాబులో ఆవిడ నోరు తెరవడమంటూ తెరిచింది గానీ మళ్ళీ మూయించడమే కష్టమైంది. పుల్ల బుగ్గలో ఉండగానే డాక్టరమ్మ తెల్ల కోటుకి భుజం దగ్గర కుట్టు వంకరగా ఉందని చెప్పింది. ఆ కోటు కుట్టింది ఎవరో బొత్తాంకి బాగా తెలుసు. తల వంచుకుని నేల చూసింది.

మూడు రోజులకి రిపోర్టు వచ్చింది. ఔనంది. ఏడాదికి ఇంకా వారం ఉండగా ఇద్దరూ రిజిస్టరు ఆఫీసులో కిటికీ ముందు నిలబడ్డారు. వెనక ఇరవైమంది వరస. గుమస్తా రిపోర్టు చూశాడు, సంతకం చూశాడు, సాక్షి ఏమవుతారని అడిగాడు.

"మేనత్త," అంది అత్తయ్య. "కనపడేలా రాయి బాబూ."

గుమస్తా పెద్ద రిజిస్టరు తెరిచి, గీత కొట్టేసి, పక్కన దర్జీ పేరు రాశాడు. బొత్తాం మునివేళ్ళ మీద లేచి కిటికీలోంచి చూసింది. చక్కటి రాత. నవ్వు వచ్చింది. అత్తయ్యని డొక్కలో మోచేత్తో పొడిచింది, ఆవిడా తిరిగి పొడిచింది. వెనక వరసలో ఎవరో తొందరగా కానివ్వమన్నారు.

"ఇంకొక్క గడి ఉంది," అన్నాడు గుమస్తా, తలెత్తకుండా. ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నే అడిగాడు. "తండ్రి ఉన్నారా, పోయారా?"

ముప్పై ఆరేళ్ళలో ఆ ప్రశ్న బొత్తాంని ఎవరూ అడగలేదు. గీతకి చావేమిటి, బతుకేమిటి. జవాబు చెప్పడానికి నవ్వుతూనే నోరు తెరిచింది.

"పోయారు," అంది.

ఏడాదిగా అతని కోటు చూసింది, అతని కుర్చీలో కూర్చుంది, అతని గురించి గంటలకొద్దీ మాట్లాడింది. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎవరో దర్జీ పోతే ఆమె ఏమని ఏడుస్తుంది? ఇప్పుడు పోయింది నాన్న. కిటికీ కింద చతికిలబడి, చిన్నపిల్లలా, నోరు పెద్దగా తెరిచి ఏడ్చింది. కుట్టుగదిలోని ఏడు మిషన్లూ ఒకేసారి తొక్కినా అంత చప్పుడు రాదు.

గుమస్తా కంగారుగా లేచాడు. "ఏమైందమ్మా? ఎప్పుడు పోయారు?"

"ఇప్పుడే," అంది అత్తయ్య. మేనకోడలి పక్కన నేల మీద కూర్చుని, ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు రాసుకో బాబూ. మేం కాసేపు ఏడ్చి లేస్తాం."